క్వార్టర్స్ పచ్చికలో పుట్టగొడుగులు

సరోజినీ నగర్‌లో మా క్వార్టర్స్ వెనక పచ్చికలో, రెండు రోజుల ముసురు తర్వాత, ఆ ఆదివారం పొద్దున అరచేతంత తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. చూడగానే నాకు నోరూరింది. డబ్బాల్లో అమ్మే బొత్తాల్లాంటివి తిని తిని విసిగిపోయినవాణ్ణి. పైగా గోదావరి పక్క ఊరివాణ్ణి, పుట్టగొడుగుల గురించి నాకు ఒకరు చెప్పాలా?

సంచీ నిండా కోశాను. కింది ఇంట్లో ఒంటరిగా ఉండే తెలుగు ఆంటీకి సగం ఇచ్చాను. ఏది దొరికినా పంచుకోవడం మా బ్లాకులో తెలుగువాళ్ల అలవాటు.

"మంచివేనా బాబూ?" అని అడిగిందావిడ.

"చిన్నప్పట్నుంచీ తింటున్నవే కదండీ ఆంటీ, కళ్లు మూసుకుని వండేయండి" అన్నాను.

ఇంటికొచ్చాక, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఒకదాని తల తుంచి తెల్ల కాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించింది. "డాడీ, ఇస్‌కా పౌడర్ దేఖ్‌నా హై" అంది, దాని పొడి చూడాలట. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికొచ్చేది హిందీయే. రాలిన పొడి రంగును బట్టి జాతి కొంతవరకు తెలుస్తుందని వాళ్ల టీచరు చెప్పిందట. నేను నవ్వి పేపరు చదువుకున్నాను.

మధ్యాహ్నం గిన్నె తీస్తే కాగితం మీద లేత ఆకుపచ్చ పొడి. పచ్చికలో లేచి ఇలాంటి పొడి రాల్చే రకం ఒకటి విషమని ఫోనులో చూసి చెప్పింది. "మీ ఊళ్లో వాటిది ఏ కలర్?" అని హిందీలోనే అడిగింది.

నాకేం తెలుసు? పుట్ట చూసేదీ, కాడ ఎంత లోతు దిగిందో తవ్వి చూసేదీ, కొన్నిటిని వద్దని పారేసేదీ మా నాన్న. నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఎందుకు పారేశాడో ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు. మా ఆవిడేమో వెల్లుల్లి వేసి ఉడికించినప్పుడు అది నల్లబడకపోతే మంచివేనంది. అదంతా ఉత్తిదేనంది అమ్మాయి. ఎవరి మాట నమ్మాలో తోచక బుర్ర తిరిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆంటీ.

రెండేసి మెట్లు దిగాను. తలుపు దగ్గరికే కూర వాసన.

"తినేశారా?"

"ఇంకా లేదు బాబూ. ఉప్పు చూశానంతే. రెండుసార్లు."

మిగిలిన పుట్టగొడుగొకటి కవరులో వేసుకుని, ఆవిణ్ణి ఆటో ఎక్కించాను. "భయ్యా, హాస్పిటల్, జల్దీ" అన్నాను. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా చెయ్యి వదలకుండా కూర్చుంది.

"ఇంతకీ అవి మంచివేనా, కాదా? ఒక్క మాట చెప్పు బాబూ."

"నాకు తెలీదండీ" అన్నాను.

పొద్దున తలుపు దగ్గర చెప్పాల్సిన మాట అది.