ఎడమవైపు కుంగిన కుర్చీ

ఒలీటా ప్రూయిట్ ఇంటికి ఉన్నది ఒక్కటే దారి. స్టిల్‌హౌస్ వాగు పక్కన తారురోడ్డు మీద మొదలై, హార్లిన్ టాకెట్ కొన్న భూమి మీదుగా కొండ మలుపు తిరిగి ఆమె వాకిట్లో ఆగుతుంది. ఆమె అత్తగారు ఆ దారినే కొత్త పెళ్లికూతురై వచ్చింది, ఆ దారినే శవపేటికలో వెళ్లింది. టాకెట్ వచ్చి దానికి అడ్డంగా ఇనప గేటు బిగించాడు. కేసు తేలేదాకా ఆమెకొక తాళంచెవి ఇమ్మని కోర్టు చెప్పింది కాబట్టి ఇచ్చాడు. కేసు ఓడితే ఆ చెవి వెనక్కి ఇచ్చెయ్యాలి. అప్పుడు ఇల్లు ఆమెదే, కానీ అందులోకి వెళ్లాలంటే మోకాటిలోతు వాగు దాటి కొండ ఎక్కాలి. డెబ్భై దాటిన మనిషి. పికప్ బండి నిండా హికరీ చెట్ల బెరడు వేసుకుని తిరిగే మనిషి.

కుర్చీలకు సీట్లు అల్లడం ఆమె పని. మే నెలలో మాను నీరు పట్టినప్పుడు హికరీని కొట్టి, పైనున్న గరుకు బెరడు చెక్కేసి, లోపలి బెరడును బెల్టులా పొడుగ్గా ఒలుస్తుంది. దాన్ని నానబెట్టి, తడిమీదే బిగించి అల్లుతుంది. ఎండేకొద్దీ అది తోలులా గట్టిపడుతుంది. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. భర్త దుంగల లారీ కింద పడి చనిపోయిన చలికాలంలో, ఇంట్లో మిగిలిన పాత కుర్చీని ముందు పెట్టుకుని, ఒక్కో పట్టీ విప్పి, మళ్లీ అల్లి, నచ్చక మళ్లీ విప్పి నేర్చుకుంది. ఆ తర్వాత ఆ అర్కన్సా కొండల్లో సగం ఇళ్ల కుర్చీలు ఆమె చేతికిందికి వచ్చాయి.

పాత సీటు విప్పుతుంటే దానిమీద కూర్చున్న మనిషి తెలిసిపోతాడు. వెనక్కి వాలి, కుర్చీ వెనక రెండు కాళ్లమీద ఊగేవాడి కుర్చీకి కీళ్లు వదులవుతాయి. అంచుమీద కూర్చునే భయస్తుడి కుర్చీకి ముందు పట్టీలే తెగుతాయి. గేటు గొడవ మొదలవకముందు టాకెట్ తన వేట విడిదిలోని కుర్చీలన్నీ బాగుచెయ్యమని తెచ్చాడు. వాటిలో ఒకటి పూర్తిగా ఎడమవైపుకి కుంగి ఉంది. ముందున్న అడ్డకర్ర ఎడమ చివర బూటు మడమ రాసుకుని సగానికి సగం అరిగింది.

"ఇందులో కూర్చునేది ఎవరయ్యా? సగం మనిషా?" అంది ఒలీటా.

"స్నేహితుడొకాయన, మిస్ ఒలీటా. నవంబరులో జింకల వేటకి వస్తాడు" అన్నాడు టాకెట్. ఆ కొండల్లో పెళ్లయినా కాకున్నా పెద్దావిడని మిస్ అనే పిలుస్తారు.

"ఈసారి వచ్చేటప్పుడు మిగతా సగం కూడా తెచ్చుకోమను."

టాకెట్ నవ్వాడు. పేరు మాత్రం చెప్పలేదు.

గేటు పెట్టిన ఏడాదే జడ్జి ఎన్నిక వచ్చింది. అక్కడ జడ్జినీ జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ముసలి జడ్జి దిగిపోతున్నాడు, గెలిచినవాళ్ల ముందుకే ఒలీటా కేసు వస్తుంది. నిలబడింది ఇద్దరు. డోయల్ మేబ్రీ ఊళ్లో పెద్ద వకీలు. రోడా కింబ్రెల్ ప్రభుత్వం తరఫున వాదించే వకీలు.

"ఇద్దరికీ నీ కుర్చీ చూపించు వదినా. ఎవరు విరగ్గొడతారో వాళ్లకి ఓటు వెయ్యకు" అన్నాడు మరిది ఆర్విల్. అతను వాగు అవతల ఎరలు అమ్ముకుంటూ ఉంటాడు.

అతను వేళాకోళానికే అన్నాడు, ఆమె మాత్రం నిజంగానే చూపించింది. ఓట్లు అడగడానికి మేబ్రీ వచ్చినప్పుడు వరండాలో మంచి కుర్చీ వేసింది. అతను కూర్చుంటూనే వెనక్కి వాలి రెండు కాళ్లమీద ఊగాడు. ఆమె పళ్లు బిగబట్టింది.

"మీ గేటు సంగతి విన్నాను, మిస్ ఒలీటా. దిగులు పెట్టుకోకండి. నేనున్నాగా" అని కన్ను గీటాడు.

వారం తిరక్కుండా రోడా కింబ్రెల్ వచ్చింది. తిన్నగా కూర్చుంది. బెరడు ఎప్పుడు ఒలుస్తారని అడిగింది, చెప్పిందంతా విన్నది. ఒలీటా గేటు మాట ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ సంగతి నాకు చెప్పకండమ్మా. రేపు నా ముందుకి రావొచ్చు."

"అవతలాయన విన్నాడే."

"ఆయన ఇష్టం ఆయనది. నేను వినకూడదు."

ఆమె వెళ్లిపోయాక ఒలీటాకి మనసులో చివుక్కుమంది. మనసు కరగని మనిషి అనుకుంది. అయినా ఒక్క మాట విని మనిషిని తేల్చడం ఆమెకు అలవాటు లేదు. టిఫిను డబ్బాలో బీన్సు, మొక్కజొన్నరొట్టె పెట్టుకుని కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. మేబ్రీ బాగా వాదించాడు, నవ్వించాడు. కింబ్రెల్‌ది రంపం దొంగతనం కేసు. సాక్షి చెప్పడం అయిపోగానే ఆమె లేచింది.

"అయ్యా, నా సాక్షి నిన్న నాతో ఇంకోలా చెప్పాడు. ఆ సంగతి అవతలి వకీలుకి తెలియడం న్యాయం."

ఆ ఒక్క మాటతో ఆమె కేసు ఓడిపోయింది. కాగితాలు సర్దుకుని, మొహంలో ఏ మార్పూ లేకుండా బయటికి నడిచింది. తన చేతిపని బాగాలేకపోతే తానే విప్పేసే మనిషిని ఒలీటా ఆ రోజు చూసింది. ఇంకెవరినీ చూడనక్కర్లేదు అనుకుంది.

ఆ కొండల్లో ఒకరి పక్షాన ఉంటే నలుగురికీ తెలిసేలా ఉండాలి. లోపల్లోపల ఓటేసి ఊరుకునేవాణ్ణి పిరికివాడంటారు. అక్టోబరులో అగ్నిమాపక దళం షెడ్డులో పై సప్పర్ అనే చందాల విందు జరిగింది. ఆడవాళ్లు పళ్లు నింపి కాల్చిన 'పై'లు చేసి తెస్తారు, ఎన్నికల్లో పోటీచేసేవాళ్లు వాటిని వేలంలో పాడుకుంటారు, పాడుకున్నవాళ్లు చేసినావిడతో కలిసి కూర్చుని తినాలి. కింబ్రెల్ ఒలీటా చేసిన బ్లాక్‌బెర్రీ 'పై'ని పాడుకుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు, కేసు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఒలీటా తన వరండాలో కింబ్రెల్ కోసం చుట్టుపక్కల వాళ్లని పిలిచి టీ పోసింది. కింబ్రెల్ పేరున్న బోర్డు ఇంటిముందు పాతింది.

బోర్డు పాతిన మర్నాడు గేటు దగ్గర టాకెట్ ఎదురయ్యాడు. టోపీ ఎత్తి పలకరించాడు.

"ఇంటిముందు పాతితే ఎవరికి కనిపిస్తుంది, మిస్ ఒలీటా? కిందికి తెచ్చి రోడ్డు దగ్గర మీ ఉత్తరాల పెట్టె పక్కన పెట్టండి. జాగా నాదేలెండి, ఫరవాలేదు."

"నువ్వు మేబ్రీ మనిషివి కాదూ?"

"నేనా? నేనెవరి మనిషినీ కాదు."

నిజంగానే అతని భూమిలో ఎక్కడా ఒక్క బోర్డు లేదు. ఒలీటాకి అర్థం కాలేదు గానీ బోర్డు కిందికి దించి పాతింది. సుత్తి పుచ్చుకుని టాకెట్ తనే రెండు దెబ్బలు వేసి నిలబెట్టాడు.

"ఎదటివాడి బోర్డుకి సుత్తి దెబ్బ వేసేవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు వదినా. ఆ బోర్డు తీసెయ్" అన్నాడు ఆర్విల్.

"ఎందుకు తియ్యాలి? నేను దొంగతనం చేశానా?"

ఆ రోజుల్లోనే ఒక బూడిదరంగు పికప్ గేటు దగ్గర ఆగడం మొదలైంది. ఇంజను ఆపదు, మనిషి దిగడు. కాసేపుండి కదిలిపోతుంది. అంతకుముందు వరండాలో టీ పోసిన సాయంత్రం కూడా అది కొండ మలుపులో నిలబడి ఉంది. బోర్డు ఎత్తుకుపోవడానికని ఒలీటా అనుకుంది. రోజూ పొద్దున్నే లేచి కొండ దిగి చూసేది. బోర్డు చెక్కుచెదరకుండా ఉండేది. ఎత్తుకుపోయి ఉంటే ఆమెకు కాస్త ధైర్యంగానే ఉండేది.

కింబ్రెల్ గెలిచింది. ఆర్విల్ పాత తుపాకీతో గాల్లోకి ఒక గుండు పేల్చాడు. ఒలీటా ఆ రాత్రి గేటు తీయడానికి దిగినప్పుడు టాకెట్ ఇంట్లో దీపం వెలుగుతోంది. ఓడిపోయినవాడి ఇల్లులా లేదు, లోపల ఎవరో నవ్వుతున్నారు.

వసంతంలో కేసు పిలిచారు. ఒలీటా వకీలు పక్క కౌంటీవాడు. కోర్టులో తప్ప ఆమెను కలిసింది లేదు, ఆ గేటువైపు ఎన్నడూ వచ్చింది లేదు. టాకెట్ వకీలు లేచి, బల్లమీద ఫోటోలు ఒకటొకటే పరిచాడు. ఉత్తరాల పెట్టె పక్కన బోర్డు. ఒలీటా వరండాలో టీ గ్లాసుతో కింబ్రెల్, కొండ మలుపులోంచి తీసింది. పై సప్పర్‌లో ఒకే పళ్లెం ముందు ఇద్దరూ.

"జడ్జిగారి నిజాయితీని మేం శంకించట్లేదు. కానీ ఈవిడ ఆమెను గెలిపించడానికి పనిచేసిన మనిషి. ఈ కేసు వినడం సబబా అని మాత్రమే అడుగుతున్నాం."

రోడా కింబ్రెల్ ఫోటోలు చాలాసేపు చూసింది. రంపం కేసులో లేచి మాట్లాడిన గొంతుతోనే మాట్లాడింది.

"ఆయన అడిగింది న్యాయమే. ఈ కేసు నేను వినను. ఈ కౌంటీలన్నీ కలిసిన కోర్టు జిల్లాలో రెండో జడ్జి హేట్లీగారికి పంపుతున్నాను."

ఒలీటా వైపు చూడకుండా లోపలికి వెళ్లింది. ఏ గుణం చూసి ఒలీటా ఆమెను ఎంచుకుందో, ఆ గుణమే ఆమెను ఆ కుర్చీలోంచి లేపింది.

"హేట్లీ ఎలాంటివాడు?" అని ఒలీటా తన వకీలుని అడిగింది.

"అవతలి కౌంటీ ఆయన. ఇక్కడ ఎవరితోనూ రాకపోకలు లేవు. అదీ ఒకందుకు మంచిదే."

ఆమెకు కాస్త ఊపిరి ఆడింది.

హేట్లీ విచారణ పెట్టినప్పుడు కోర్టు మేడమీది హాలు కప్పు కారుతోంది. అందుకని కింద చిన్న గదిలో మామూలు బల్ల, చెక్క కుర్చీ వేశారు. హేట్లీ తెల్లజుట్టు మనిషి, మాటతీరు మెత్తన. వచ్చి కూర్చున్నాడు. కూర్చోగానే బరువంతా ఎడమవైపుకి వాల్చాడు. ఎడమ బూటు మడమ అడ్డకర్ర చివర తగిలించి, రాస్తూ రాస్తూ వినడం మొదలుపెట్టాడు.

టాకెట్ విడిదిలో ఎడమవైపు కుంగిన కుర్చీని ఒలీటా ఒళ్లో పెట్టుకుని విప్పింది. ఆ అడ్డకర్ర మార్చింది. ఎడమవైపు కుంగకుండా ఉండాలని ఆ పక్క పట్టీలు రెట్టింపు బిగించింది కూడా ఆమే.

"ఈయన టాకెట్ విడిదికి వస్తాడు. అక్కడ ఈయనకో కుర్చీ ఉంది" అని వకీలు చెవిలో చెప్పింది.

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. నేను అల్లాను."

వకీలు ఆమె మొహంలోకి చూశాడు. "ఫోటో ఉందా, మిస్ ఒలీటా?"

ఫోటోలన్నీ అవతలివాళ్ల దగ్గరే ఉన్నాయి. విచారణ నడిచింది. హేట్లీ అన్నీ ఓపిగ్గా విన్నాడు, అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు, తీర్పు నెలాఖరుకి అన్నాడు. లేచి వెళ్తూ టాకెట్ వైపు కన్నెత్తైనా చూడలేదు. అసలు పరిచయమే లేనట్టు చాలా జాగ్రత్తగా దాటిపోయాడు.

బయట మెట్లమీద టాకెట్ ఆమెకోసం ఆగి ఉన్నాడు. టోపీ తీశాడు.

"మిస్ ఒలీటా, విడిదిలో ఒక కుర్చీ మళ్లీ కుంగింది. నవంబరు లోపల కావాలి. మీ చేతిపని ఇంకెవరికీ రాదాయె. తెచ్చి గేటు దగ్గర పెట్టమంటారా?"

"ఏ వైపు కుంగింది?" అంది ఒలీటా.

"మీకు తెలుసుగా" అన్నాడు, ఎప్పటిలాగే ఎంతో మర్యాదగా.

ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టి కేసు ఓడితే ఇచ్చెయ్యాల్సిన గేటు తాళంచెవిని గుప్పిట పట్టుకుంది. టాకెట్ చూపు జేబు మీదికి దిగి, అక్కడే ఆగింది.