ముందు నీదే

మా వదినకు కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. మామూలుగా అన్నయ్యను "మీరు" అంటుంది. కోపం ముదిరితే అది "తమరు" అవుతుంది. "తమరు" వినపడగానే నేను తల వంచుకుని నా పనిలో పడిపోతాను. ఆ వానాకాలమంతా మా ఇంట్లో "తమరు" తప్ప ఇంకో పిలుపు లేదు.

వదిన బట్టల మీద పేర్లు కుడుతుంది. ఆసుపత్రి కోట్ల జేబుల మీద డాక్టర్ల పేర్లు, హోటల్ ఏప్రన్ల మీద గుర్తులు, స్కూలు సంచుల మీద బొమ్మలు. ఎంబ్రాయిడరీ మెషిన్ ముందుగదిలో కిటికీ పక్కన ఉంటుంది. సూది ఎటు నడవాలో దానికి ఒక కంప్యూటర్ చెప్పాలి. ఆ చెప్పే ప్రోగ్రాం పాతకాలంది, కొత్త కంప్యూటర్ల మీద నడవదు, తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. పెళ్ళికి ముందు నుంచీ వదిన గీసుకున్న అక్షరాలన్నీ అందులోనే ఉన్నాయి. వంపు ఎక్కడ తిరగాలి, దారం ఎక్కడ తెగాలి, ఏ గుడ్డకి కుట్టు ఎంత దగ్గరగా పడాలి, అన్నీ గుడ్డలు పాడుచేసుకుంటూ తను నేర్చుకుని పెట్టినవే.

స్కూలు మానేసినప్పటి నుంచి నేను ఆవిడ పక్కనే కూర్చుంటున్నాను. కుట్టిన పేరు వెనక వేలాడే దారాలు కత్తిరించడం నా పని. మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది.

అన్నయ్య పంపుల గోడౌన్‌లో స్టోర్ కీపర్. వచ్చింది రాసుకుని, పోయింది కొట్టేసి ఇంటికొస్తాడు. ఆ తర్వాత అతని అసలు బతుకు మొదలవుతుంది. మెట్ల కింద అల్మరాలో ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పెద్ద కంప్యూటర్ ఒకటి పెట్టాడు. దాన్ని సర్వరు అంటాడు. ఉన్నది ఒక్కటే పెట్టె, కానీ లోపల నాలుగు కంప్యూటర్లు ఉన్నట్టు నడిపిస్తాడు. నాలుగూ ఉత్తుత్తివే, అయినా ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఒకదాంట్లో సినిమాలు. ఒకదాంట్లో ఇంటి ఫొటోలు. ఒకదాంట్లో వాన. డాబా మీద గిన్నెలాంటి పరికరం బిగించి, ఎంత వాన పడింది, ఎంత ఎండ కాసింది, ఏళ్ళ తరబడి నిమిషం నిమిషం పట్టి పెట్టాడు. అది చూసేవాళ్ళు ఎవరూ లేరు, అన్నయ్య తప్ప.

నాలుగోది వదినది. ఆవిడ పాత కంప్యూటర్ కాలిపోయినప్పుడు, బతికి బయటపడ్డ డిస్కులోంచి మొత్తం లాగి, దాన్నీ ఉత్తుత్తి కంప్యూటర్‌గా చేసి ఆ పెట్టెలో కూర్చోబెట్టాడు. ఆ రోజు వదిన కళ్ళకి అన్నయ్య మనిషిలా కాదు, దేవుడిలా కనిపించాడు. ఆ సంగతి దాచకూడదు.

అయితే ఆ ఏడు అన్నయ్యకు అప్‌గ్రేడ్ పిచ్చి పట్టుకుంది. ఇంకో సర్వరు తెచ్చాడు. దాంతో పాటు డిస్కులు వరసగా దూర్చే ఒక పెట్టె. భోజనాల దగ్గర కంచం పక్కకి జరిపి మాకు పాఠం చెప్పాడు.

"ఈ గ్లాసు ఇప్పుడున్న సర్వరు. ఆ గ్లాసు కొత్తది. మధ్యలో ఈ జగ్గు డిస్కుల పెట్టె, అంటే స్టోరేజి. ఇప్పటిదాకా నాలుగింటి సామానూ ఈ ఒక్క గ్లాసులో ఉంది. గ్లాసు పగిలితే గోవిందా. ఇకనుంచి సామానంతా జగ్గులో ఉంటుంది. ఏ గ్లాసు పగిలినా రెండోది జగ్గులోంచి పోసుకుంటుంది."

"జగ్గు పగిలితే?" అంది వదిన.

"అందులో డిస్కులు నాలుగు. ఒకటి చచ్చినా మిగతావి మోస్తాయి."

"బాగుంది. ముందు ఏది మారుస్తారు?"

"నీదే."

వదిన ముఖం వెలిగింది. అన్నయ్య అడక్కుండానే గ్లాసులో నీళ్ళు పోసింది, సర్వరు గ్లాసులోనే. నాకూ సంతోషమేసింది. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ముందు వదిన పని అన్నారు కదా అని.

"నాదే ఎందుకట?" అని అడిగింది, ఇంకో మంచి మాట వినబోతున్నట్టు.

"ఏదో ఒకదాంతో టెస్టు చేయాలి కదా. వాన పోతే మళ్ళీ రాదు. ఫొటోలు పోతే పెద్దక్క నన్ను బతకనివ్వదు. నీదైతే పోయినా పెద్ద నష్టం లేదు."

చెడ్డగా అనలేదు. నీళ్ళు అందుకుంటూ మామూలుగా అన్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది. ఆ గొంతు నాకు తెలుసు. ఇంట్లో ఏదో ఒకటి ఆపాల్సి వచ్చినప్పుడు, ఇదే బల్ల దగ్గర, ఇంత మామూలుగానే నా చదువు ఆపారు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. దేన్ని ఆపితే ఇబ్బంది తక్కువో చూసుకున్నారు, అంతే.

వదిన కంచం తీసుకుని లేచింది. "తమరి వాన ముందు మార్చండి" అంది.

"నీకర్థం కావట్లేదు. అది ఒక్క నిమిషం ఆగినా లెక్కలో గండి పడుతుంది."

"నా సూది ఆగితే పడేదాన్ని ఏమంటారో తమరే చెప్పండి."

"పాత ప్రోగ్రామే, పేర్లు కుట్టేది. దానికింత రాద్ధాంతమా?"

వదిన కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తెల్లారి నుంచి మెషిన్ ముందు కూర్చుని, సూది పాదం కిందికి గుడ్డ తోయడంలో, చక్రం తిప్పడంలో చూపించింది కోపమంతా. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు. నా చేతికిచ్చిన ప్రతి కోటూ ఇస్త్రీ చేసినంత నున్నగా ఉంది.

ఆ ఆదివారం వదిన ఆసుపత్రికి కోట్లు ఇవ్వడానికి వెళ్ళింది. వీధి మలుపు తిరగ్గానే అన్నయ్య అల్మరా ముందు పీట వేసుకున్నాడు.

"అన్నయ్యా, వదినని రానివ్వు" అన్నాను.

"అమ్మో, చిన్నికి నోరొచ్చిందే" అని నవ్వాడు. "వచ్చేసరికి అయిపోతుంది. అసలు మార్చినట్టే తెలియదు."

నేను అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. ఏం చేస్తున్నాడో సగమే అర్థమైంది. కానీ వారం నుంచి చూస్తున్నాను కాబట్టి ఒకటి తెలుసు. వాన ఉన్నదానికి ముందే రెండు కాపీలు తీసి, డిస్కుల మీద చీటీలు అంటించి, బీరువాలో బట్టల కింద పెట్టాడు. వదినదానికి చీటీ లేదు.

"కాపీ తీయవా?"

"టెస్టు ముక్కకి కాపీ ఏంటే? అదే పెద్ద పని."

గీత ఒకటి తెర మీద మెల్లగా ఎడమ నుంచి కుడికి పాకింది. అది పాకినంతసేపూ నా చేతుల్లో కత్తెర అలాగే ఉండిపోయింది. చివరికి వదిన తెర మళ్ళీ వెలిగింది. అంతా సరిగ్గానే ఉంది. అన్నయ్య చప్పట్లు కొట్టుకున్నాడు.

వదిన గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాడు. "నీది మార్చేశాను. చూసుకో, ఒక్క పోగు పోలేదు."

వదిన సంచి కింద పెట్టింది. "కాపీ తీశారా?"

అన్నయ్య నావైపు చూశాడు. ఆ చూపుకి అర్థం చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా చెప్పాను.

"తీయలేదు వదినా."

"పోలేదుగా ఇప్పుడు" అన్నాడు అన్నయ్య. "పోని దానికి కూడా గొడవేనా?"

"పోలేదు కాబట్టి నేను తమరికి దణ్ణం పెట్టాలా?" అంది వదిన. "వీధి దాటేటప్పుడు పిల్ల చెయ్యి వదిలేసి, బండి గుద్దలేదుగా అన్నట్టుంది."

మర్నాడు మెషిన్ మీద గుడ్డ కప్పేసింది. కోట్లన్నీ రెండు మూటలు కట్టి, ఒకటి నాకిచ్చి, బజారు వెనక సందులో టైలరమ్మ దుకాణానికి బయల్దేరింది. అక్కడ గంటల లెక్కన మెషిన్ అద్దెకిస్తారు. బస్సులో నిలబడి, మూటలు కాళ్ళ మధ్య ఇరికించుకుని వెళ్ళాం. ఆ మెషిన్‌లో అక్షరాలు లావుగా, మొద్దుగా ఉన్నాయి. వదిన వాటిని చూసి మొహం తిప్పుకుంది. అయినా రోజూ వెళ్ళింది.

"ఇంట్లో బంగారంలాంటి మెషిన్ పెట్టుకుని బస్సులెక్కుతోంది" అన్నాడు అన్నయ్య, నాకు చెబుతున్నట్టు ఆవిడకి.

"అది టెస్టు ముక్క. టెస్టులు చేసుకోమను" అంది ఆవిడ, నాకు చెబుతున్నట్టు అతనికి.

ఆసుపత్రి నుంచి కోట్లు తిరిగొచ్చాయి. పేర్లు మునుపటిలా లేవన్నారు. ఆ మూట చూసి వదిన ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిన్నగా అల్మరా దగ్గరికి వెళ్ళి, అన్నయ్య ముందు నిలబడింది.

"నా సామాను తమరి జగ్గులోంచి తీసేయండి. ఆ పాత సర్వరు నా బల్ల కిందికి రావాలి. అందులో నాది ఒక్కటే ఉండాలి. సినిమాలొద్దు, వానొద్దు."

"అదిస్తే నా ప్లానేం కావాలి? రెండు సర్వర్లుంటేనే కదా ఒకటి పడిపోతే ఇంకోటి..."

"ఈ కోట్లు ఎవరి జేబులో డబ్బుతో విప్పి మళ్ళీ కుట్టాలో కూడా ఆ ప్లాన్లో ఉందా?"

అన్నయ్య మూట వైపు చూశాడు. పైనున్న కోటు తీసి, జేబు మీద పేరుని బొటనవేలితో తడిమాడు. గోడౌన్‌లో సరుకు పట్టి చూసే అలవాటు కదా. తర్వాత గొణుగుతూనే లేచాడు, పళ్ళు నూరుతూనే తీగలు పీకాడు. రెండో సర్వరు లేని ప్లాను ప్లానే కాదని అల్మరాకి చెప్పుకున్నాడు. కానీ ఈసారి ముందు కాపీ తీశాడు. ఒకటి తీసి, వదిన కదలకపోతే ఇంకోటి తీశాడు. చీటీలు తెమ్మని నన్ను కేకేశాడు.

పెట్టె బల్ల కిందికి వచ్చింది. తెర వెలిగింది. అన్నయ్య నడుం పట్టుకుని లేవబోయాడు.

"కూర్చోండి" అంది వదిన. "ఇంకా అవలేదు. అమ్మడూ, నువ్వు పేర్లు చదువు."

నేను తెర మీది పేర్లు ఒక్కొక్కటే చదివాను. వదిన ఒక్కొక్కటే తెరిచింది. ప్రతి అక్షరం వంపూ దగ్గరగా చూసి, మూసి, తర్వాతది అడిగింది. అవి వందల్లో ఉన్నాయి. డాబా మీద వాన మొదలైంది. అన్నయ్య ఒకసారి కిటికీ వైపు చూశాడు, మళ్ళీ వదిన వైపు చూశాడు, నేల మీద అలాగే కూర్చున్నాడు.

"తర్వాతది" అంది వదిన.