లింగమూర్తి కడిగిన ఇసుక

నార్సింగిలో మా చెలకలు ఉన్నచోట ఇప్పుడు విల్లాలున్నాయి. గేటు మీద ఇంగ్లీషులో ఏదో పేరు రాసి ఉంటుంది. ఆ పేరుకూ మా ఊరికీ ఏ సంబంధమూ లేదు. అందులో పదకొండో నంబరు ఇంటి కింద మా మామ లింగమూర్తి వాళ్ల బావి పూడిపోయి ఉంది. పదిహేడో నంబరు ఇంటి వెనక ఒక స్విమ్మింగ్ పూల్ ఉంది. తండ్రి భూమి అమ్ముకున్న ఏడేళ్ల తర్వాత, అదే భూమిలోకి గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి మరీ, ఆ పూల్ నీళ్లు చూసుకోవడానికి వెళ్లేవాడు లింగమూర్తి.

మామ అసలు పని బోరు మోటర్లు బాగుచేయడం. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మోటరు చప్పుడు విని బేరింగు పోయిందా, బోరులో నీళ్లే అడుగంటాయా చెప్పేవాడు. భూములు పోయాక బోర్లూ పోయాయి. విల్లాల సంఘం వాళ్లు పూల్ మనిషి కావాలంటే వెళ్లి నిలబడ్డాడు. పంపు గదిలో ఫిల్టర్ చూసి, ముందు దాని మూత విప్పమన్నాడట. లోపల ఏముందో చూడకుండా దేన్నీ ముట్టుకోడు. నడుమెత్తు గుండ్రటి తొట్టి, దాని నిండా ఇసుక, ఇసుక అడుగున సన్నటి చీలికలున్న ప్లాస్టిక్ గొట్టాలు. పంపు పూల్ నీళ్లను లాగి పైనుంచి ఇసుకలోకి తోస్తుంది. మురికి ఇసుకలో చిక్కుకుంటుంది, తేట నీళ్లు అడుగు గొట్టాల గుండా మళ్లీ పూల్‌లోకి పోతాయి. అంతా చూసి, మా బావిలో ఊట కూడా ఇట్లాగే ఇసుకలోంచి వడగట్టుకుని వచ్చేదన్నాడు.

ఆ రోజు నుంచీ ఆ ఫిల్టర్ అతనిదే. వారానికోసారి పంపు ఆపి, తొట్టి మీది పిడి తిప్పి, నీళ్లను అడుగు నుంచి పైకి పంపి ఇసుకను కడిగేవాడు. పచ్చటి నీళ్లు బయటికి పోయి పోయి తెల్లబడ్డాకే మళ్లీ పిడి తిప్పేవాడు. పంపు నడుస్తుండగా పిడి ముట్టుకుంటే లోపలి రబ్బరు చిరుగుతుంది. ఆ విల్లావాళ్లకు ఎంత చెప్పినా గుర్తుండదని పిడికి ఎర్ర గుడ్డపేలిక కట్టి పెట్టాడు.

ఆ పదిహేడో నంబరు ఇంటాయన ఫిలిప్. గుంటూరు వైపు మనిషి, హైటెక్ సిటీలో పెద్ద ఉద్యోగం. అతని తల్లి రూతమ్మకు డెబ్బై నాలుగేళ్లు. ఫిలిప్ చెడ్డవాడని నేననను. కానీ 2011 ఎండాకాలంలో విల్లాల సంఘం మీటింగు ఆ ఇంట్లో జరిగినప్పుడు, ఇక్కడివాళ్లకు పని చేతకాదని, కూకట్‌పల్లి నుంచి కంపెనీ మనుషుల్ని పెట్టుకుందామని అన్నాడు. లింగమూర్తి అప్పుడు కిటికీ అవతల పైపు చుడుతున్నాడు. విన్నాడు. పైపు చుట్టడం పూర్తిచేసి, కొక్కేనికి తగిలించి వచ్చాడు. ఇంట్లో రుక్కమ్మత్తకు కూడా చెప్పలేదు. నాకు ఆ ఇంటి డ్రైవరు చెప్పాడు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగాయి, బస్సులు ఆగాయి. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. మా ఊరికి రోజులో సగం ఉండేది కాదు. విల్లాల్లో జనరేటరు ఉంది కానీ అది బల్బులకూ ఫ్యాన్లకే. ఊరి నడుమ టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు పెట్టాం. శిబిరం నడిపేది కిష్టయ్య, టీ హోటలాయన, లింగమూర్తికి చిన్నాయన కొడుకు. మామ తన వంతు వచ్చిన రోజు దీక్షలో కూర్చునేవాడు, రాని రోజు నీళ్ల కుండలు మోసేవాడు. అక్టోబరులో ఒక వారం అటు తిరుగుతూ మూడు రోజులు పూల్ దగ్గరికి వెళ్లలేకపోయాడు. పంపు టైమరు వేళలకు కరెంటు ఉండక, ఫిల్టర్ నడిచిందే రోజుకు రెండు మూడు గంటలు. ఎండ మాత్రం తగ్గలేదు. పూల్ పచ్చగా పాచిపట్టింది.

సరిగ్గా ఆ వారమే ఆ నీళ్లతో రూతమ్మకు పనిపడింది.

రూతమ్మను పసితనంలో చర్చికి తీసుకెళ్లి నుదుటి మీద నీళ్లు చల్లారట. అది చాలదని, నిండా మునిగి బాప్తిస్మం తీసుకోవాలని ఆమెకు చాలా ఏళ్లుగా కోరిక. నీళ్లంటే భయంతో వాయిదా వేస్తూ వచ్చింది. చిన్నప్పుడు కాలవలో కాలు జారి మునిగిపోతుంటే ఎవరో జుట్టు పట్టి లాగారట. ఇప్పుడు గుండె ఆపరేషన్ మంగళవారం అన్నారు డాక్టర్లు. ఆ తర్వాత మునిగేది ఎప్పటికో, అసలు తాను ఉంటుందో లేదో. అందుకే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పాస్టరు గారిని ఇంటికి రమ్మన్నారు. వాళ్ల చర్చి అద్దె హాల్లో నడుస్తుంది, అక్కడ తొట్టి లేదు. చెరువు గట్టు ఆమె దిగలేదు. ఇంట్లో పూల్ ఉంది, మెట్లున్నాయి, పట్టుకోవడానికి కడ్డీ ఉంది. ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. అడుగు కనపడితేనే దిగుతుంది.

గురువారం సాయంత్రం లింగమూర్తి కోసం చూసి చూసి, తల్లీకొడుకులు తామే ఒక పని చేశారు. నాలుగు కిలోల పటిక తెప్పించి, దంచి పూల్‌లో చల్లించారు. కాలవ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు పటిక కొత్త కాదు. పటిక మురికిని పట్టి అడుగుకు దించింది కూడా. శుక్రవారం పొద్దున కరెంటు వచ్చింది. పంపును దానంతటదే నడిపే టైమరు ఒకటుందని వాళ్లకు గుర్తులేదు. పంపు అడుగున పేరుకున్న మడ్డినంతా లాగి ఫిల్టర్‌లోకి తోసింది.

లింగమూర్తి వెళ్లేసరికి ప్రెషర్ మీటరులో ముల్లు ఎర్రగీత దాటి ఉంది. పంపు ఆపి, పిడి తిప్పి, మళ్లీ పంపు వేసి, నీళ్లను అడుగు నుంచి పైకి పంపి ఎదురు కడిగి చూశాడు. నీళ్లు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. పంపు ఆపి మూత విప్పి చెయ్యి పెట్టాడు. ఇసుక ఇసుకలా లేదు. పెసరపిండి ముద్దలా జిగటగా చేతికి అంటింది.

రూతమ్మ పంపు గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"మా ఊళ్లో బిందెడు కాలవ నీళ్లలో పటిక తిప్పితే తెల్లారేసరికి తేరేవి బాబూ. ఇది పెద్ద బిందె, అంతేగా అనుకున్నాను" అంది.

"మీ ఆలోచన తప్పు గాదమ్మా. బిందెకు మోటరుండదు, దీనికుంటది. గంతే" అన్నాడు మామ.

ఫిలిప్ అప్పటికే కూకట్‌పల్లి కంపెనీకి ఫోన్ చేశాడు. ఫిల్టర్‌లో పోసే ఇసుక దొరకాలి, లారీలు కదలాలి, పది రోజులు పడుతుందన్నారు. ఆదివారం సంగతి మర్చిపోదామని తల్లితో అంటున్నాడు. ఆమె కళ్లు లింగమూర్తి చేతికి అంటిన ముద్ద మీదే ఉన్నాయి.

"ఆదివారం ఎనిమిదింటికి అడుగు కనపడ్తది సార్" అన్నాడు లింగమూర్తి.

"ఇసుక లేదంటున్నారుగా?"

"కొత్తది లేకుంటె పాతదే కడుగుత."

పూల్‌లో పాచి చావడానికి కొలిచి క్లోరిన్ పొడి వేసి, టైమరు తీగ ఊడదీసి, రుక్కమ్మత్త కోసం శిబిరానికి వచ్చాడు. అత్త పదేళ్లు మేస్త్రీల దగ్గర ఇసుక జల్లెడ పట్టింది. ఇసుక సంగతి ఆమెను మించి తెలిసినవాళ్లు ఊళ్లో లేరు. రెండు టబ్బులూ జల్లెడా తీసుకుని రమ్మని ఆమెకు చెబుతుంటే కిష్టయ్య విన్నాడు.

"ఏందే లింగన్నా, పొద్దుగాల్ల జై తెలంగాణ, మాపటికి ఆంధ్రోళ్ల మురికా? ఆ ముసలమ్మ మునిగితే మనకేంది, తేలితే మనకేంది?"

టెంటు కింద అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నేను ఇంకో మాట కూడా కలిపాను. అది ఇక్కడ రాయను.

మామ టబ్బు కింద పెట్టాడు.

"ఫిల్టరు ఆగితె ఫిలిప్ సారు పటికేసిండు అనరు కిష్టయ్యా. లింగమూర్తికి చేతగాలేదంటరు. మనకు పని చేతగాదని వాళ్లు అన్నందుకే గద మనం ఈడ కూసున్నది? నేను ఆడికి పొయ్యి గా మాట నిజం జేసి రావాల్నా?"

కిష్టయ్య, ఆదివారం తొమ్మిదింటికి దీక్షలో లింగమూర్తి వంతు ఉందని మాత్రం గుర్తుచేశాడు. ఉంటానన్నాడు మామ.

ఫిల్టర్‌లోంచి ఇసుక తీయడం పారతో అయ్యే పని కాదు. అడుగున ఉన్న చీలిక గొట్టాల్లో ఒక్కటి విరిగినా ఇసుకంతా పూల్‌లోకి పోతుంది. తొట్టి నడుమ నిలువు గొట్టం ఉంటుంది, దాని నోట్లో ఇసుక పడకూడదు. మామ ఆ నోటికి కవరు చుట్టి దారంతో కట్టాడు. తర్వాత ఒక ప్లాస్టిక్ మగ్గుతో, భుజం దాకా చెయ్యి లోపలికి దింపి, మగ్గు తర్వాత మగ్గు తీశాడు. అడుగుకు వచ్చాక మగ్గు కూడా పక్కనపెట్టి వేళ్లతో తీశాడు. మూడు బస్తాల ఇసుక. శుక్రవారం పొద్దు గూకే దాకా అదే పని.

శనివారం పొద్దున్నే రుక్కమ్మత్త ఇసుక కడగడం మొదలుపెట్టింది. మామ నీళ్లు పోసి గరగర కలిపి ఒంపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. గట్టిగా ఒంపితే మురికితో పాటు సన్నటి ఇసుకా పోతుంది, అదిపోతే ఫిల్టర్ వడగట్టదు. బియ్యం కడిగినట్టు టబ్బు ఒక పక్కకు వంచి, అరచేత్తో తిప్పి, పైన తేలిన జిగటను మాత్రం జారవిడవాలి. ముద్దలను చేతుల మధ్య నలిపి జల్లెడ పట్టాలి. ఒక్కో టబ్బుకు ఆరు నీళ్లు. రూతమ్మ కుర్చీ వేయించుకుని చూస్తూ కూర్చుంది. మధ్యలో ఇద్దరికీ అన్నం పెట్టించింది. కడిగిన ఇసుకను పిడికిట బిగించి వదిలితే జలజలా రాలాలని అత్త ఆమెకు చూపించింది. ఆ తర్వాత ప్రతి టబ్బులోంచీ ఒక పిడికెడు తీసి రూతమ్మే చూసింది. రెండు టబ్బులు మళ్లీ కడగమంది. అత్తకు కోపం రాలేదు. నాకైతే వచ్చేది.

మూడింటికి తొట్టి సగానికి నీళ్లు నింపి, ఆ నీళ్లలోకి మెల్లగా ఇసుక జారవిడిచారు. నీళ్లు లేకుండా పోస్తే ఆ బరువుకు గొట్టాలు విరుగుతాయి. నాలుగింటికి కరెంటు వచ్చింది. మామ ఎదురు కడిగి, పంపు ఆపి పిడి తిప్పి, మళ్లీ పంపు వేసి మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ముల్లు లేచింది, పచ్చగీత దగ్గర ఆగింది. అక్కడే నిలబడింది. నాలుగు గంటలు నడిచాక కరెంటు పోయింది. నీళ్ల పచ్చదనం పోయి పాలు కలిపినట్టు తెల్లగా మిగిలాయి. రెండో మెట్టు కనపడుతోంది, మూడోది లేదు.

అప్పుడు పటిక ఇంకా ఉందా అని రూతమ్మనే అడిగాడు మామ. డ్రమ్ములో కరిగించి, పూల్ అంతటా సమంగా చల్లి, పంపు గదికి తాళం వేసి, ఎవరూ నీళ్లలో చెయ్యి కూడా పెట్టొద్దని చెప్పి ఇంటికి వచ్చాడు.

ఆదివారం ఆరింటికి వెళ్తే పైన నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున బూడిద రంగు మడ్డి దుప్పటిలా పరుచుకుని ఉంది. దాన్ని పంపుతో లాగి, ఫిల్టర్‌లోకి పోనివ్వకుండా నేరుగా బయటికి వదలాలి. కరెంటు పదింటికి గానీ రాదు. ఎవరు దిగినా మొదటి అడుగుకే మడ్డి లేచి నీళ్లు మళ్లీ తెల్లబడతాయి.

ఫిలిప్ తెల్ల చొక్కా వేసుకుని తయారై ఉన్నాడు. పాస్టరు గారికి ఫోన్ చేసి వద్దని చెప్పనా అన్నాడు.

లింగమూర్తి గోడ వైపు చూస్తున్నాడు. ఆ చెలకలో పదిహేనేళ్లు నీళ్లు పారించినవాడు. వాలు ఎటో అతనికి తెలుసు. నేల పడమటికి వాలు, ప్రహరీ అవతల వాన నీటి కాలవ పూల్ అడుగు కన్నా పల్లంలో ఉంది. మూడు పైపులు ఒకదానికొకటి బిగించి, నీళ్లలో ముంచి నిండా నింపి, ఒక కొసను పూల్ అడుగు ఊడ్చే బ్రష్షు గొట్టానికి తగిలించాడు. రెండో కొస ఫిలిప్ చేతికిచ్చాడు.

"అరచెయ్యి అడ్డం పెట్టి కాలవల దిగున్రి సార్. నేను చెప్పేదాక చెయ్యి తియ్యొద్దు."

ఫిలిప్ దిగాడు. చెయ్యి తీయమన్నప్పుడు తీశాడు. నీళ్లు వాటంతటవే పారాయి. మడ్డి చిక్కగా అతని ప్యాంటు మీద పడింది. అటూ ఇటూ కదలొద్దని లింగమూర్తి గోడ ఇవతలి నుంచి అరిస్తే, అట్లాగే నిలబడ్డాడు. ఇవతల మామ బ్రష్షును నాటు మడిలో అడుగేసినట్టు మెల్లగా జరుపుతూ, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఇటు. తొందరపడితే మడ్డి లేస్తుంది. గంటన్నర పట్టింది. నీళ్లు ఒక మెట్టు దిగాయి. మడ్డి పోయింది. అడుగున నీలం పలకలు, వాటి మధ్య తెల్ల గీతలు, ఒక మూలన ఎప్పుడో పడిపోయిన తలపిన్ను కనిపించాయి.

ఎనిమిదింటికి పాస్టరు గారు నీళ్లలో నిలబడ్డారు. రూతమ్మ తెల్లచీర కట్టుకుని కడ్డీ పట్టుకుంది.

"ఎన్ని మెట్లు లింగమూర్తీ?"

"ఐదమ్మా. చూసుకుంట దిగున్రి."

ఆమె వంగి చూసింది. ఒక్కొక్కటే లెక్కపెడుతూ దిగింది. ఐదో మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, తన పాదాలను తాను చూసుకుని, కడ్డీ వదిలేసింది. పాస్టరు గారు వెనక్కి వంచి నిండా ముంచి లేపారు.

మడ్డి ప్యాంటుతోనే ఉన్న ఫిలిప్ లింగమూర్తి దగ్గరికొచ్చి, నీకు ఇంత పని వచ్చని తెలియదన్నాడు. దానికి మామ థాంక్స్ చెప్పలేదు.

"ఆరేండ్ల సంది చేస్తున్న సార్. ఇగ టైమరు డబ్బ తాళం నా దగ్గరనే ఉంటది" అన్నాడు.

ఫిలిప్ తాళం తెచ్చి ఇచ్చాడు.

దీన్ని అందరూ కలిసిపోయిన కథగా చెప్పేవాళ్లున్నారు. వాళ్లు చెప్పుకోనీ. ఆ తర్వాత కూడా మామ గేటు దగ్గర సంతకం పెట్టే లోపలికి వెళ్లాడు. కానీ కూకట్‌పల్లి కంపెనీ మాట ఆ విల్లాల్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తొమ్మిదింటికి పది నిమిషాలుండగా, తడి లుంగీతోనే శిబిరానికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. కిష్టయ్య మెడలో దండ వేస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

"మునిగిందా అన్నా?"

"మునిగింది. అడుగు కనపడ్డది" అన్నాడు లింగమూర్తి.