హాతిమ్ స్థానంలో యెషయా

యెషయా బహ్రెయిన్‌కి వచ్చింది బస్సు నడపడానికి. నరసాపురంలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లోనే అతనికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. జిల్లా జట్టుకి ఆడాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశాడు. ఆ డిప్లొమా చూసి ఒక్క బడివాళ్ళూ పిలవలేదు గానీ, హెవీ లైసెన్సు చూసి ఏజెంటు మాత్రం వెంటనే పిలిచాడు. అలా ఉమ్మ్ అల్ హస్సామ్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో డ్రైవరుగా చేరాడు. మ్యాచ్ ఎక్కడుంటే అక్కడికి కాలేజీ జట్టుని తీసుకెళ్ళడం, ఆట అయ్యేదాకా బస్సులో ఏసీ వేసుకుని పడుకోవడం, మళ్ళీ తీసుకురావడం. ఇదీ డ్యూటీ. మనవాడికి నిద్ర పట్టేది కాదు. దిగి వెళ్ళి గీత బయట నిలబడి చూసేవాడు.

అలా నిలబడ్డవాణ్ణి గీత లోపలికి పిలిచింది కోచ్ హాతిమ్. ఈజిప్టు మనిషి, తల నెరిసినవాడు, గొంతు పెద్దది చేసి ఎరగడు. అక్కడ కోచ్‌ని అందరూ కాప్టెన్ అంటారు. కాప్టెన్ హాతిమ్ ఒకరోజు గోల్‌కీపర్‌కి కాసేపు బంతులు కొట్టిపెట్టమని అడిగాడు. యెషయా కొట్టిన తీరు చూసి, రేపటి నుంచి రోజూ రమ్మన్నాడు. జీతం డ్రైవరుదే, వీసా కార్డు మీద ఉద్యోగం డ్రైవరే, సాయంత్రమైతే మాత్రం అసిస్టెంటు. కాలేజీకి ఒక్క జీతంతో ఇద్దరు దొరికారు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. యెషయాకి అంతకన్నా లేదు. రాత్రి ఊళ్ళో ఉన్న భార్య రోజీకి ఫోన్ చేసి ఆడపిల్లలా మురిసిపోతూ చెప్పుకున్నాడు.

రెండేళ్ళు జట్టు బాగా ఆడింది. తర్వాత ఓడిపోవడం మొదలుపెట్టింది. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. కాలేజీ జట్టులో ఆట వచ్చినవాడు పట్టా పుచ్చుకుని పోతాడు, రానివాడు కొత్తగా చేరతాడు. ఆ ఏడు మంచి ఆటగాళ్ళంతా ఒక్కసారే పోయారు. ఈ సంగతి గడ్డికి నీళ్ళు పట్టే రాజనర్సుకి కూడా తెలుసు. జగిత్యాల వైపు మనిషి. ఆటంటే ఏమీ తెలియదు గానీ, మనుషులు తెలుసు.

"ఆడెటోళ్ళు వోయిండ్రు గదనే. గీ ముసలాయన ఏం జేస్తడు? తనే ఉరుకుతడా?" అన్నాడు ఒకనాడు పైపు చుడుతూ.

"అదే కదా నేననేది" అన్నాడు యెషయా. అప్పట్లో అతని అభిప్రాయమూ అదే. నిజాయితీగా అదే.

కాలేజీ పెద్దల అభిప్రాయం వేరు. ఓడిన పదకొండు మందినీ ఇంటికి పంపడానికి వీల్లేదు, వాళ్ళ నాన్నలు ఫీజులు కడుతున్నారు. గోడకి తగిలించిన పాత ఫోటోల్లో ఉన్నవాళ్ళని వెనక్కి రప్పించడానికీ వీల్లేదు. తీసేయడానికి వీలున్నది ఒక్క మనిషే. తీసేశాక వచ్చేవాడు ఎవడు, ఇతనికంటే మెరుగేనా అని ఆ గదిలో ఒక్కరైనా అడిగి ఉంటారని నేననుకోను. ఎవర్ని పంపాలో తేలితే చాలు, పని చేసినట్టే. సీజన్ మధ్యలో హాతిమ్‌కి ఖలాస్, ఇక చాలు, అని చెప్పి, కొత్తవాడు దొరికేదాకా జట్టుని చూసుకోమని యెషయాకి అప్పగించారు.

వెంటనే రెండు మ్యాచ్‌లు గెలిచారు. ఆ రెండూ పట్టికలో అడుగున ఉన్న జట్లతోనే. హాతిమ్ ఉన్నా గెలిచేవే. కానీ గెలుపు అలాంటిది, పక్కన ఎవడు నిలబడి ఉంటే వాడిదే అయిపోతుంది. కుర్రాళ్ళు యెషయాని ఎత్తుకుని తిప్పారు. స్పోర్ట్స్ డైరెక్టర్ భుజం తట్టి, "నిన్ను పర్మనెంట్ చేయాలనుకుంటున్నాం" అన్నాడు. అన్నాడంతే, కాగితం ఇవ్వలేదు.

ఆ మాట శుక్రవారం ప్రార్థనకల్లా తెలుగు ఫెలోషిప్‌లో అందరికీ తెలిసిపోయింది. సంఘపెద్ద జయకర్, సూపర్ మార్కెట్లో సూపర్‌వైజర్, మంచివాడే గానీ ఉత్సాహం ఎక్కువ. ఫెలోషిప్‌లో ఒక అలవాటుంది. దేవుడు మేలు చేశాక కృతజ్ఞతా కూడిక పెట్టడం ఎవరైనా చేస్తారు. మేలు చేతికి అందకముందే, అందిందని నమ్మి కూడిక పెట్టేస్తే అది విశ్వాసం. వీసా రాకముందు వీసాకి, కడుపు పండకముందు బిడ్డకి అలా పెట్టినవాళ్ళున్నారు. కొందరికి వచ్చాయి కూడా. రానివాళ్ళ సంగతి తర్వాత ఎవరూ ఎత్తరు.

"ముందే స్తుతించేద్దాం బ్రదర్. సందేహం పెట్టుకోవద్దు" అన్నాడు జయకర్.

హాలు అద్దెకి తీసుకుని చికెన్ బిర్యానీ వండారు. కేకు మీద 'కోచ్ యెషయా' అని రాయించారు. నరసాపురం నుంచి రోజీ వీడియోలో చూస్తూ కూర్చుంది. కోచ్ జీతమైతే ఫ్యామిలీ వీసా ఇస్తారు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద కలిసున్నది సెలవుల్లోనే. యెషయాకి కావలసింది అసలు అదే. ఆట తర్వాత సంగతి. మైకు పట్టుకుని నిలబడి, దేవుడు నాకు ఈ ఉద్యోగం ఇచ్చాడు అని సాక్ష్యం చెప్పాడు. ఇస్తాడు అనలేదు, ఇచ్చాడు అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ వీడియో ఊళ్ళో సంఘందాకా వెళ్ళింది.

కాగితం తర్వాతి వారం వచ్చింది. దాంతోపాటు ఒక షరతు కూడా. కార్డు మీద డ్రైవర్ అని ఉండగా కోచ్ జీతం ఇవ్వడం కుదరదు. పాత వీసా రద్దు చేసి కోచ్‌గా కొత్తది కొడతారు, ఒప్పందం ఏడాదికే. బస్సుకి వేరే డ్రైవర్‌ని పెట్టుకుంటారు. "ఆలోచించుకుని చెప్పు" అన్నాడు డైరెక్టర్. అలా అంటూనే, అడగక్కర్లేని ప్రశ్న కూడా ఒకటి అడిగాడు: "ఇంతకీ హాతిమ్ ఎందుకు ఓడిపోయాడంటావు?"

జవాబు యెషయాకి తెలుసు. రాజనర్సుతో ఎన్నిసార్లో అనుకున్నదే. కానీ మంచి ఆటగాళ్ళు పోవడమే కారణమంటే, ఇక కోచ్‌ని మార్చడమెందుకు, తనకీ కాగితం ఎందుకు? "పాత పద్ధతి సార్" అన్నాడు.

హాతిమ్ ఇంకా వెళ్ళిపోలేదు, లెక్కలు తేల్చుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. బయట కనిపించి, యెషయాని పక్కకి తీసుకెళ్ళాడు. అతని హిందీ అంతంతమాత్రం.

"సంతకం పెట్టకు భాయ్. డ్రైవరుగానే ఉండు. సాయంత్రం మైదానం నీకెలాగూ ఉంటుంది. గోల్ పడితే కాప్టెన్ పోతాడు, డ్రైవర్ పోడు."

అంతకన్నా మంచి సలహా ఆ దీవిలో యెషయాకి ఎవరూ ఇచ్చి ఉండరు. అతనికది అసూయలా వినిపించింది. అయినా మనసులో ఎక్కడో నాటుకుంది. సాయంత్రం జయకర్‌కి ఫోన్ చేసి, "వద్దంటే ఏమవుద్దండీ?" అని అడిగాడు.

"వద్దనడమేంటి బ్రదర్? దేవుడిచ్చాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పేశావుగా. ఇప్పుడు వద్దంటే ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టే కదా" అన్నాడు జయకర్.

బిర్యానీ తిన్న మొహాలన్నీ యెషయా కళ్ళ ముందు తిరిగాయి, రోజీ మొహం అందరికంటే ముందు. మర్నాడు వెళ్ళి సంతకం పెట్టేశాడు. బస్సు తాళం రాజనర్సుకిచ్చారు. అతనికీ హెవీ లైసెన్సు ఉంది. గడ్డి నుంచి బస్సుకెక్కినందుకు పాపం అతనూ సంబరపడ్డాడు.

తర్వాతి సీజన్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. ఓడిపోయారు. వచ్చినవాళ్ళు అంతకు ముందువాళ్ళకంటే తీసికట్టు, అది నిజం. యెషయా హాతిమ్ అంత కోచ్ కాడు, అదీ నిజమే. ఆట సగంలో ఏం తప్పు జరుగుతోందో అతనికి కనిపించేది, దాన్ని ఎలా సరిచేయాలో మాత్రం తోచేది కాదు. తోచక అరిచేవాడు. అసిస్టెంటుగా ఉన్నప్పుడు కుర్రాళ్ళు అతని పక్కన చేరి ఇంటి గోడు చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు అరిస్తే, "యల్లా డ్రైవర్", పోనీవోయ్ డ్రైవర్, అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. హాతిమ్‌కి ఒక యెషయా ఉండేవాడు. యెషయాకి ఎవరూ లేరు.

ఫ్యామిలీ వీసాకి ఆరు నెలలు ఆగమన్నారు. ఆరు నెలలయ్యాక సీజన్ అయ్యేదాకా చూద్దామన్నారు. రోజీ పెద్ద సూట్‌కేసు కొని మంచం కింద పెట్టుకుంది. సీజన్ అయ్యాక డైరెక్టర్ పిలిచి, హాతిమ్‌ని కూర్చోబెట్టిన కుర్చీలోనే కూర్చోబెట్టి, చాలా మర్యాదగా ఖలాస్ చెప్పాడు. జట్టుకి కొత్త ఊపు కావాలన్నాడు. గోవా నుంచి ఒక మంచి కోచ్ వస్తున్నాడన్నాడు.

"పోనీ బస్సైనా ఇప్పించండి సార్. పాత జీతానికే చేస్తాను" అన్నాడు యెషయా.

"బస్సుకి డ్రైవర్ ఉన్నాడుగా" అన్నాడు డైరెక్టర్.

ఉన్నాడు. మెట్ల కిందే నిలబడి ఉన్నాడు. యెషయా మొహం చూసే రాజనర్సుకి అంతా అర్థమైంది. "ఏమన్నడే?" అని మాత్రం అడిగాడు. యెషయా తల అడ్డంగా ఊపాడు. రాజనర్సు తాళం చేతిలో తిప్పుతూ నేల చూశాడు. నేను మళ్ళీ గడ్డికి పోతా, బస్సు నువ్వు తీసుకో అని అతను అనలేదు. అనమని అడగడానికి యెషయాకి నోరు రాలేదు. అడిగినా ఏం లాభం, అతని వీసా కూడా మార్చేశారు. ఆ తర్వాత ఇద్దరూ పలకరించుకున్నారు గానీ, కలిసి కూర్చోలేదు.

ఫెలోషిప్‌లో ప్రార్థన చేశారు. ఈసారి హాలు తీసుకోలేదు, జయకర్ గదిలోనే. దేవుడు ఇంకో తలుపు తెరుస్తాడన్నాడు జయకర్. సాక్ష్యం మాట ఎవరూ ఎత్తలేదు. రోజీ ఒక్కతే ఫోన్లో, "మిమ్మల్ని బస్సు నడుపుకోనిచ్చినా బాగుండేది కదండీ" అంది. యెషయాకి ఏడుపొచ్చింది. ఆమె కూడా ఆ రోజు ఆమెన్ అన్నదే. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఫోన్ పెట్టేశాడు.

వెళ్ళే రోజున మధ్యాహ్నం ముహర్రక్‌లో విమానం. కాలేజీవాళ్ళు బస్సు ఇచ్చారు. అభిమానం కొద్దీ కాదు. కొత్త కోచ్ విమానం కూడా ఆ మధ్యాహ్నమే దిగుతుంది. వెళ్ళేటప్పుడు ఒకణ్ణి దించి వచ్చేటప్పుడు ఒకణ్ణి ఎక్కించుకుంటే పెట్రోలు కలిసొస్తుందని డైరెక్టర్ ఆలోచన. రాజనర్సు ఈ సంగతి దారంతా చెప్పకుండా దాచి, పార్కింగ్‌లో బస్సు ఆపాక చెప్పాడు.

"నాకు శాతగాలేదన్న. నువ్వు ఇంత జల్ది దిగిపో, ఆయన రాకముందుకే" అన్నాడు.

అప్పటికే ఆలస్యమైంది. కొత్త కోచ్ తనే వెతుక్కుంటూ వచ్చేశాడు. నలభై కూడా దాటనివాడు, ముఖమంతా నవ్వు. యెషయా ఒంటి మీద కాలేజీ టీషర్టు ఉంది, ఉన్నవాటిలో మంచిది అదే. దాని మీద బొమ్మ చూసి ఆ మనిషి, తనకోసం పంపిన నౌకరనుకుని, "సామాన్ లోపల పెట్టు భాయ్" అని బ్యాగు చేతికిచ్చాడు. రాజనర్సు ఏదో చెప్పబోయాడు. యెషయా వద్దని కళ్ళతో చెప్పి, బ్యాగు తీసుకెళ్ళి సీటు పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

కొత్త కోచ్ థాంక్స్ చెప్పి, "జట్టెలా ఉంది? నాకు ముందు ఎవరున్నారు?" అని హిందీలో అడిగాడు.

"కాప్టెన్ హాతిమ్ అని, ఈజిప్టు ఆయన. పని తెలిసినవాడు. తీసేశారు."

"మరి ఆయన తర్వాత?"

రాజనర్సు స్టీరింగ్ మీద తల వాల్చాడు.

"ఆయన తర్వాత ఎవరూ రాలేదు" అన్నాడు యెషయా, బస్సులోంచి తన పెట్టె దించుకుంటూ.