జెట్టీకి ఇద్దరు పాలివాళ్ళు

నీళ్ళ మీద గీత నిలుస్తుందని నమ్మే మనుషులుంటారని నాకు ఇరవై రెండేళ్ళ వయసులో తెలిసింది. ఆ గీత గీసే కుంచె నా చేతికే ఇచ్చారు కాబట్టి ఇంకాస్త బాగా తెలిసింది. ఆ రోజుల్లో జీతమిచ్చేవాళ్ళు ఏం చెప్పినా నాకు సబబుగానే తోచేది. (ఇప్పుడు దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఒక ఆఫీసులో కూర్చుని నేనే నలుగురికి పనులు చెబుతున్నాను. వాళ్ళ మొహాలు చూస్తే నా మాటలు వాళ్ళకి అంత సబబుగా తోస్తున్నట్టు లేదు.)

దోహాలో లగూన్ ఒడ్డున, అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన మడుగు పక్కన, రెండు విల్లాల మధ్య ఒక చెక్క జెట్టీ ఉండేది. పడవలు కట్టుకునే సొంత రేవన్నమాట. యజమానులిద్దరూ స్నేహంగా ఉన్న కాలంలో చెరిసగం హక్కుతో కట్టించుకున్నారు. తర్వాత స్నేహం చెడింది, జెట్టీ మిగిలింది. వేటడేగ దగ్గర చెడిందని నేను పనిచేసే విల్లాలో వంటవాడు, పెళ్ళి సంబంధం దగ్గర చెడిందని పక్కింటి డ్రైవరు ఒట్టేసి చెప్పేవాళ్ళు. వ్యవహారం కోర్టుకెక్కింది. తేలేదాకా ఎవరి సగంలో వాళ్ళే తిరగాలి. మా బాబా (అక్కడ ఇంటి యజమానిని అలాగే పిలుస్తాం) పడవ చూసుకోవడం నా డ్యూటీ. అమ్మానాన్నా లేని నన్ను పెంచింది గోదావరి మీద పడవ నడిపే మా చిన్నాన్న. తాడు ముడి వెయ్యడం ఆయన దగ్గర నేర్చుకున్నదే, ఆ ముడే నన్ను ఖతర్ దాకా లాక్కొచ్చింది. పక్కింటి సగానికి కాపలా జగిత్యాల వైపు నుంచి వచ్చిన నలభై అయిదేళ్ళ మనిషి. పదేళ్ళు లేబర్ క్యాంపుల్లో ఉండి కట్టడం పనులు చేసి, నడుము పట్టేసి ఇటు వచ్చాడు. నీళ్ళంటే ఆయనకి ప్రాణభయం. రేవుకి కాపలా పెట్టడానికి అంతకంటే తగిన మనిషి దొరకలేదు కాబోలు.

జెట్టీ మీద నిలువునా పసుపు గీత కొట్టమని ఇద్దరు బాబాలూ మా ఇద్దరికీ విడివిడిగా హుకుం ఇచ్చారు. నిలువు పలకలు లెక్కపెడితే పంతొమ్మిది తేలాయి. నడిమి పలక ఎవరిదో అర్థం కాక నేను బుర్ర గోక్కుంటుంటే, ఆ జగిత్యాలాయన నూలుదారం తెచ్చి, ఆ చివరా ఈ చివరా మేకు కొట్టి, పలకని నడిమికి చీల్చినట్టు దారం లాగాడు. "గెట్టు వెట్టుడంటె గిట్ల తమ్మీ," అన్నాడు. గెట్టంటే పొలం గట్టు, వాళ్ళ వైపు హద్దు. అప్పటి నుంచి ఆయన నాకు గెట్టన్న. నేను 'అండి' అన్నప్పుడల్లా ఆయన ఇబ్బందిపడేవాడు, సర్కారు ఆఫీసుకి పోయినట్టుంటదట. జానెడు గెట్టు కోసం ఊళ్ళో సొంతవాళ్ళతో మాటలు పోయాయని, ఆ కోపంలోనే విమానం ఎక్కానని ఆయన చెప్పింది ఆ రోజే. హద్దుల పంచాయితీ నుంచి పారిపోయొచ్చి మళ్ళీ హద్దు గీస్తున్నాడన్నమాట. అప్పుడు నాకది నవ్వులాటగానే అనిపించింది.

వారం తిరక్కుండానే గొడవ వచ్చింది. మా పడవ తాడు గీత దాటి వాళ్ళ కొయ్యకి ఉందని గెట్టన్న విప్పేశాడు. పడవ, అందులో మా బాబా చల్లని నీళ్ళ డబ్బాతో సహా, మర్యాదగా లగూన్ మధ్యకి బయల్దేరింది. నేను యూనిఫాంతోనే దూకాను. ఈతకొట్టి పడవని పట్టుకుని తిరిగి చూసేసరికి, అంత నీటిభయమున్న మనిషి మోకాళ్ళ లోతు నీళ్ళలో మెట్టు మీద నిలబడి నాకోసం చెయ్యి చాచి ఉన్నాడు. ఆ మధ్యాహ్నం సంధి కుదిరింది. గీతకి అటు ఆయనా ఇటు నేనూ కూర్చుని, కూర గిన్నె సరిగ్గా గీత మీద పెట్టుకుని తిన్నాం. ఆ ఊపులో నేను, "మనకెందుకన్నా గొడవలు, ఈ రేవుకి మనిద్దరం పాలివాళ్ళమే కదండీ," అన్నాను. మా లంకల్లో పడవకీ వలకీ కలిసి పెట్టుబడి పెట్టి పంచుకునేవాళ్ళని అలాగే అంటాం. పని పంచుకునే భాగస్వాములమని నా ఉద్దేశం. ఆయన మాత్రం నోటి దాకా వెళ్ళిన ముద్ద దించి, "పాలోళ్లమంటివా?" అని అడిగాడు. అవునన్నాను. గిన్నెలో మిగిలిన కూరంతా నావైపు జరిపేశాడు. కూరలో ఉప్పెక్కువైందేమో అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి గెట్టన్న వాళ్ళ ఊళ్ళో ఎవరో పెద్దమ్మ వరస ఆవిడ పోయిందని కబురొచ్చింది. ఆయన వచ్చి నాకు చెప్పి, పదొద్దులు, అంటే పది రోజులు, నీసు ముట్టొద్దన్నాడు. తన ఎదుట తినొద్దంటున్నాడని అనుకుని మొహమాటానికి సరేనన్నాను. మూడో నాటికి పప్పు మొహం చూస్తే ఏడుపొచ్చేది. (మా చర్చిలో శ్రమదినాలప్పుడు కూడా నేనంత నిష్ఠగా లేను.) అయిదో రోజు అల్ రయ్యాన్‌లో ఉన్న మా ఊరతని గదికి వెళ్ళి కడుపునిండా చేపల పులుసు తిని, వక్కపొడి నమిలి వచ్చాను. గెట్టన్న మాత్రం నా నిగ్రహాన్ని తెగ మెచ్చుకున్నాడు.

ఆ ఎండాకాలం మా చిన్నాన్న పోయాడు. అప్పట్లో యజమాని సంతకం లేనిదే దేశం దాటనిచ్చేవాళ్ళు కాదు. మా బాబా కుటుంబంతో ఎక్కడో చల్లని దేశంలో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. పెట్టెని సమాధిలోకి దించుతుంటే పాస్టరుగారు చేస్తున్న ప్రార్థన ఫోనులో విన్నాను. మధ్యలో సిగ్నల్ పోయింది. ఆ రోజంతా పడవ తాడుకి ముడి వెయ్యడం, విప్పడం, మళ్ళీ వెయ్యడం. ఏడుపు రాలేదు. గెట్టన్న గీత అవతల చీకటిపడేదాకా కూర్చున్నాడు. పదో రోజు పొద్దున ఆయన జెట్టీ మీదకి వస్తే నేను గుర్తుపట్టలేదు. మీసం లేదు, తల నున్నటి గుండు. ఏమైందన్నా అంటే, "పాలోళ్లమైతిమి గదా తమ్మీ. నువ్వు కిరస్తానమోనివి, మీకు గుండు లేదంటివి. ఎవలో ఒకలు తియ్యాలె గద," అన్నాడు. వాళ్ళ వైపు పాలోళ్ళంటే ఒకే రక్తం పంచుకున్న దాయాదులట, చావొస్తే మైల పట్టేవాళ్ళట. ఆ పదొద్దులు నన్ను నీసు మానమన్నదీ అందుకేనని అప్పటికిగానీ నాకు తెలియలేదు. గుండు మీద అక్కడక్కడా మంగలి కత్తిగాట్లు, వాటి మీద ఉప్పుగాలికి ఆయన పడుతున్న మంట చూసి నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ పది రోజుల ఏడుపు ఏడ్చాను. నా మాటకి అర్థం అది కాదని చెప్పడానికి నోరు రాలేదు.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. గుండు చూసి పక్కింటి బాబా సంగతేమిటని అడిగితే, గెట్టన్న నావైపు చెయ్యి చూపించి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, "అఖూయ. సేమ్ ఫ్యామిలీ," అని గర్వంగా చెప్పాడు, నా తమ్ముడని. శత్రువు ఇంటి పనివాడు తన కాపలావాడి తమ్ముడా? కోర్టులో కేసు నడుస్తున్న మనిషికి ఎన్ని అనుమానాలు రావాలో అన్నీ వచ్చాయి. నన్ను గీత దగ్గరికి పిలిచి, వీడు నీ అన్నేనా అని అడిగాడు. నేను ఆలోచించలేదు. "లా, బాబా," అన్నాను. కాదు. ఊరు వేరు, మతం వేరు, ఇంటిపేరు వేరని వేళ్ళు మడిచి మరీ చెప్పాను. తర్వాత తెలుగులో, "అన్నా, కాదని చెప్పెయ్యండి, ఉద్యోగం పోద్ది," అన్నాను.

గెట్టన్న నావైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకిన్నేళ్ళ బాధ తప్పేది. చిన్నపిల్లాడు ఏదో తెలియక అన్నట్టు చూశాడు. "గుండు గీయించుకున్నంక కాదంటె ఎట్లయితది తమ్మీ? మీ చిన్నాయిన ఏమనుకుంటడు?" అన్నాడు. బాబా వైపు తిరిగి మళ్ళీ, "అఖూయ," అన్నాడు. వారంలో ఆయన్ని ఇంటికి పంపేశారు.

ఊరు చేరాక ఒకసారి ఫోన్ చేశాడు. "జుట్టు మొలిచింది తమ్మీ, నౌకరే మొలుస్తలేదు," అని తనే నవ్వాడు. దుబాయ్ నుంచి వట్టి చేతులతో వచ్చాడని ఊళ్ళో అంటున్నారట. (ఆయన ఉన్నది దుబాయ్ కాదని భార్యకి కూడా నమ్మకం లేదు.) ఉన్న కాస్త చేలో మక్కలు, అదే మొక్కజొన్న, వేస్తానన్నాడు. నేను క్షమించమని అడుగుదామనుకుని, వానలు పడ్డాయా అని అడిగాను. తర్వాత నంబరు మారింది. వెతికితే దొరకని మనిషి కాదు. ప్రతి సెలవుకీ అనుకుంటాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఆయన మంచి కోసమే కాదన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఈ సంగతి మా బాబా చెవిన పడితే నా ఉద్యోగమూ ఊడుతుందన్న భయం రెండో సగం. మదీనత్ ఖలీఫాలో మా ఇంట్లో నలుగురు తెలుగువాళ్ళు చేరినప్పుడల్లా ఈ జెట్టీ కథ చెప్పమంటారు. పసుపు గీత, పారిపోయిన పడవ, దొంగచాటు చేపల పులుసు, అన్నీ అభినయించి మరీ చెబుతాను. గుండు దగ్గరికొచ్చేసరికి అందరూ పడీ పడీ నవ్వుతారు. నేను అక్కడ ఆపేసి, టీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోతాను. మిగతాది మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకే చెప్పాను.