రెండు లాట్ల ర్యామ్

2023 ఆడి నెల మొదట్లో, అంటే జూలైలో, జరిగిన సంగతి ఇది. తిరుత్తణి బస్టాండుకు దగ్గర్లో నాకు కంప్యూటర్ రిపేరు అంగడి ఉంది. పదిహేనేళ్లుగా ఇదే పని. మాది నేత కుటుంబం. మా ఇంట్లో మగ్గం వదిలి స్క్రూడ్రైవర్ పట్టుకున్న మొదటివాణ్ని నేనే. నా చేతికి వచ్చిన మిషన్ బాగుపడకుండా తిరిగి పోదని చుట్టుపక్కల పేరుంది. ఆ పేరు వల్ల నాకు కాస్త పొగరు కూడా ఉంది, దాచుకోవడం దేనికి? ఆ పొగరును పది రోజులపాటు ఒక మూల కూర్చోబెట్టిన కేసు గురించి చెబుతాను.

కనకమ్మ సత్రం దగ్గర మునిరత్నం మామ ఇంట్లో నాలుగు మగ్గాలున్నాయి. మామ మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన కోడలు గౌరి మద్రాసు పక్కనున్న పట్టాభిరామ్ నుంచి వచ్చిన పిల్ల. చీరల డిజైన్లను కంప్యూటర్‌లో గీయడం తెలిసినది. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ బొమ్మను బట్టి అట్టలకు చిల్లులు పడతాయి, ఆ అట్టలను బట్టి మగ్గం మీద పోగులు లేస్తాయి. అంతకుముందు ముప్పై ఏళ్లు మామే గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు. కోడలి కంప్యూటర్‌ను ఆయన ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఆ పెట్టె" అనేవాడు.

ఆ పెట్టె నేను కట్టిందే. మొదట అందులో రెండు ర్యామ్ స్టిక్కులు వేశాను. ర్యామ్ అంటే పని జరుగుతున్నంతసేపు కంప్యూటర్ చేతిలో పట్టుకునే జ్ఞాపకం. జతగా ఒకే డబ్బాలో వచ్చే స్టిక్కులను కిట్ అంటారు. గౌరి డిజైన్లు పెద్దవయ్యే కొద్దీ మిషన్ నెమ్మదించింది. రెండేళ్ల తర్వాత తిరువళ్లూరు నుంచి ఇంకో కిట్ తెచ్చి, ఖాళీగా ఉన్న రెండు స్లాట్లలో వేశాను. అదే కంపెనీ, అదే స్పీడు, డబ్బా మీద అదే బొమ్మ.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "అన్నా, తెర అంతా నీలంగా అయిపోయి దానంతట అదే ఆగిపోతా ఉండాది. రెండు నెమళ్ల కొంగు సగం గీసినా. అంతా పోయింది" అంది గౌరి. ఆ కొంగు ఒక పెళ్లి ఆర్డరుది. అట్టలు రాక నాలుగు మగ్గాలూ ఖాళీగా నిలబడి ఉన్నాయి.

కొత్తగా వేసింది ర్యామే కాబట్టి ముందు దాన్నే అనుమానించాను. నాలుగు స్టిక్కులనూ ఒక్కొక్కటిగా పెట్టి మెమరీ టెస్టు నడిపాను. ఇది ర్యామ్‌లో ప్రతి గడిలో ఏదో ఒకటి రాసి, తిరిగి చదివి సరిచూసే పరీక్ష. ఒక్కొక్కదానికి గంటల సేపు పట్టింది. నాలుగింటిలో ఒక్క తప్పు కూడా రాలేదు. దాంతో ర్యామ్ మీద అనుమానం వదిలేశాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. మళ్లీ నీలం తెర. కరెంటును మిషన్‌కు తగినట్టు మార్చి ఇచ్చే ఎస్.ఎం.పి.ఎస్. మార్చాను. మళ్లీ అదే.

గౌరి అప్పుడే ఒక మాట చెప్పింది. "చిన్న అంచు గీసేటప్పుడు ఏమీ కాలేదన్నా. కొంగు తెరిస్తేనే ఆగిపోతుంది." నేను సరేలెమ్మన్నాను. ఇంత తెలిసిన నాకు ఆ పిల్ల దారి చూపిస్తుంటే కనబడలేదు. చిన్న డిజైనుకు కొంచెం ర్యామ్ చాలు. కొంగు తెరిస్తేనే నాలుగు స్టిక్కుల మీదా బరువు పడుతుంది.

మూడోసారి వెళ్లినప్పుడు మామ వసారాలో కూర్చుని నూలు చిలపలు, అంటే రంగు వేసిన నూలు కట్టలు, వేరు చేస్తున్నాడు. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు.

"ఈ తూరి కూడా పోతే ఆ పెట్టెను కట్టి నీ అంగడికే పంపించేస్తా. కోడలు సుమ్మా ఊరికే ఏడస్తా కూర్చోని ఉండాది. నా గ్రాఫు కాగితం ఎప్పుడన్నా చెడిపోయిందా నాయనా?"

లోపల గౌరి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పెట్టె పోతే ఈ ఇంట్లో తను నేర్చుకున్న విద్య కూడా పోయినట్టేనని ఆమె ముఖంలో కనిపిస్తోంది. నాకు సిగ్గేసింది.

"నాలుగూ మంచివే మామా. ఒక్కొక్కటీ పరీక్ష చేసినా" అన్నాను.

"నాలుగూ ఒకేసారి తెచ్చినావా?"

"లేదు. రెండు ముందు, రెండు మొన్న. అన్నీ ఒకే రకం."

మామ అప్పుడు తలెత్తాడు. చేతిలోని రెండు చిలపలు నా ముందు పెట్టాడు. రెండూ ఒకే ఎరుపు. ఒకదాని కొసన ఒక ముడి, రెండోదాని కొసన రెండు ముళ్లు.

"ఇవీ ఒకే రకమే. దేనికది బాగానే ఉండాది. రెండూ ఒకే పడుగులో కలిపి నేస్తే ఏమైతుందో నువ్వే చెప్పు. నేసేవాళ్ల ఇంట్లో పుట్టినావు గదా!"

చారలు పడతాయి. వేర్వేరు తొట్లలో రంగు అద్దిన నూలు చిలపగా ఉన్నప్పుడు ఒక్కలాగే కనిపిస్తుంది, గుడ్డ నేశాకే తేడా బయటపడుతుంది. అందుకే మా అమ్మ కూడా ఒక తొట్టి లాటుకు ఒక ముడి, ఇంకో తొట్టి లాటుకు రెండు ముళ్లు అని గుర్తు పెట్టేది. ఆ ముళ్లు చూస్తూ పెరిగినవాణ్ని నేను. రెండు లాట్లు కలిపేసి, తప్పు విండోస్‌లో వెతుకుతున్నాను!

గబగబా కంప్యూటర్ పెట్టె విప్పాను. పాత స్టిక్కులకు రెండు వైపులా చిప్పులున్నాయి. కొత్తవాటికి ఒక్క వైపే. స్టిక్కర్ మీద పేరు ఒకటే అయినా కింద చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు వేరు. మధ్యలో కంపెనీ లోపలి సరుకు మార్చేసింది. దేనికది మంచిదే. కానీ అంత స్పీడులో నాలుగూ ఒకే అడుగు వేయాల్సి వస్తే పొంతన కుదరలేదు. ఈసారి నాలుగింటినీ కలిపి టెస్టు పెట్టాను. పది నిమిషాల లోపే తెర మీద ఎర్ర గీతలు వరసగా దిగాయి. తప్పులు చూసి అంత సంతోషపడింది నా జన్మలో అదొక్కసారే.

"దొరికింది మామా!" అని అరిచాను.

బయోస్‌లోకి వెళ్లి, అంటే మిషన్ లేవగానే చదివే మూల సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్ స్పీడు తగ్గించాను. టెస్టు శుభ్రంగా పూర్తయ్యేదాకా కుర్చీ వదల్లేదు. మరునాడు గౌరి కొంగు తెరిచింది. ఒక నెమలి పూర్తయింది, రెండోది కూడా పూర్తయింది. తెర నీలం కాలేదు. ఆ వారంలోనే అట్టలు మగ్గమెక్కాయి. తర్వాత నేను నాలుగు స్టిక్కులూ తీసేసి, ఒకే డబ్బాలో వచ్చిన పెద్ద జత వేశాను.

ఒక్కొక్కటి మంచిదైనంత మాత్రాన నాలుగూ కలిసి పని చేస్తాయని కాదని, పరీక్ష పెడితే కలిపే పెట్టాలని ఆ కేసు నేర్పింది. వాడే మనిషి చెప్పే మాట వినాలని కూడా నేర్పింది. ఇప్పుడు నా అంగడిలో ప్రతి ర్యామ్ కవరుకూ ఒక దారం ఉంటుంది, లాటును బట్టి ముళ్లు. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, ఆ ముళ్లు మా అమ్మ నేర్పిన లెక్క.

చీరలు వెళ్లిపోయాక ఒకసారి అటువైపు వెళ్తే మామ పిలిచాడు. మంచం మీద పాత గ్రాఫు కాగితాల కట్ట ఉంది, ముప్పై ఏళ్లవి. అంచులు పసుపుబారాయి, పెన్సిలు గీతలు చెరిగిపోతున్నాయి.

"కోడలా, ఇవన్నీ నీ కంప్యూటర్‌లో ఎక్కించమ్మా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక పోవు గదా నాయనా?" అని అడిగాడు.

"కండిప్పా పోవు మామా, నాదీ పూచీ" అన్నాను. గౌరి అప్పటికే మొదటి కాగితం తీసి వెలుతురులో పట్టుకుని చూస్తోంది.