ఖాళీ కత్తెర

ఆ వీధిలో అతన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. అసలు పేరు సెలూన్ లైసెన్సు మీద ఉంది గానీ దాన్ని పనిగట్టుకుని చదివినవాళ్ళు లేరు. లోపల కుర్చీలు రెండు. ఒకటి నిదానానిది, రెండోది అతని బావమరిదిది. బావమరిది ముగ్గురిని పంపించేసరికి నిదానం ఒకడి చెవుల చుట్టూ పని ముగిస్తాడు. తొందరున్నవాళ్ళు బావమరిది దగ్గర కూర్చుంటారు. మర్నాడు ఫోటో దిగాల్సినవాళ్ళు మాత్రం ఎంతసేపైనా సరే నిదానం కోసం బెంచీ మీద కాచుకుంటారు.

ప్రొఫెసర్ గారు ఫోటోల మనిషి కాదు. అయినా శనివారం తప్పించి శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. లెక్కల్లో అంతటివాడు మళ్ళీ పుట్టడని పత్రికలు రాసేవి. ఆ పత్రికలు సెలూన్ బెంచీ మీదే పడి ఉండేవి, ఆయన వాటి మీదే కూర్చుని తన వంతు కోసం చూసేవాడు. పొట్టి జుట్టు, ఎడమవైపు పాపిడి, మెడ దగ్గర గీత గీసినట్టు శుభ్రంగా ఉండాలి. అంతకు మించి ఏమీ అడిగేవాడు కాదు.

మెడకు గుడ్డ కట్టగానే ఆయన నిద్రపోయేవాడు. కునుకు కాదు, నోరు తెరుచుకుని ఒళ్ళు తెలియని నిద్ర. మొదటిసారి నిదానం పని ముగించి కత్తెర ఆపాడు. ఆపిన మరుక్షణం ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆ ఎర్రటి కళ్ళు చూస్తే నిదానానికి ప్రాణం ఉసూరుమంది. ఇంకా కాలేదండీ అని చెప్పి, చెవి పక్కన గాలిలో కత్తెర ఆడించాడు. ఆయన మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు. అప్పటి నుంచి అదే అలవాటైంది. ముందు జుట్టు కత్తిరించడం, ఆ తర్వాత ఖాళీ కత్తెర. గాలికి కూడా కటింగ్ చేస్తావేంటి బావా అని బావమరిది ఏడిపించేవాడు.

ఒకసారి ప్రొఫెసర్ గారికే అనుమానం వచ్చి, తన తలకి ఇంతసేపు పడుతుందా అని అడిగాడు. మీ జుట్టు అలాంటిదండీ అన్నాడు నిదానం. ప్రతిదానికీ రుజువు అడిగే మహానుభావుడు ఆ మాట మాత్రం రుజువు లేకుండానే ఒప్పుకున్నాడు.

నిదానం ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మనిషి గురించి వీధిలో మాట్లాడటం పనివాడి లక్షణం కాదని అతని నమ్మకం. ప్రొఫెసర్ గారు పోయిన తర్వాత కూడా నోరు మెదపలేదు.

కొన్నేళ్ళకు ఆయన జీవితం మీద సినిమా తీస్తున్నారని తెలిసింది. వీధి మలుపులో పోస్టర్ పడింది. హీరో చేతిలో సుద్దముక్క ఉంది, తల మీద పిచ్చుకలు కాపురం పెట్టేంత జుట్టు ఉంది. చూడగానే నిదానానికి ఒళ్ళు మండింది. ఈయన తల ఎవరు చూసేవారని జనం అడిగితే మన బోర్డు మనమే పీకేసుకోవాలి అని బావమరిది ఆజ్యం పోశాడు. ఆ రోజు నుంచి నిదానానికి పట్టుకున్న చింత ఒక్కటే. తన చేతికింద అన్నేళ్ళు శుభ్రంగా ఉన్న మనిషిని లోకం చింపిరిజుట్టువాడిగా గుర్తుపెట్టుకోకూడదు.

సెలూన్‌లో ఒక సన్నివేశం తీయడానికి డైరెక్టర్ అడగవచ్చినప్పుడు నిదానం ఈ మాట చెవిన వేశాడు. డైరెక్టర్ మర్యాదస్తుడు, చివరిదాకా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే అయ్యుంటుందండీ. కానీ నున్నగా దువ్వుకున్న మనిషిని చూపించి మేధావి అంటే ఎవరూ నమ్మరు. బ్యాంకు మేనేజర్ అనుకుంటారు."

సన్నివేశం ఏమిటంటే, కటింగ్ మధ్యలో హీరోకి గొప్ప ఆలోచన తట్టి, మెడకు గుడ్డతోనే వీధిలోకి పరిగెత్తుతాడు. కత్తెర పట్టేది నిదానమే. కానీ ఒక్క వెంట్రుక కూడా తెగకూడదు. ఆ జుట్టు కోసం హీరో ఏడాది పాటు తల ఎవరి చేతికీ ఇవ్వలేదు, సగం సినిమా ఇంకా మిగిలే ఉంది. ప్రొఫెసర్ గారు పరిగెత్తగా నిదానం ఎన్నడూ చూడలేదు. అయినా కనీసం తన దువ్వెన తెర మీద కనబడుతుందన్న ఆశతో ఒప్పుకున్నాడు. గాలిలో ఆడించడం తనకు కొత్త కాదని ధీమాగా చెప్పాడు కూడా.

షూటింగ్ రోజున ప్రొఫెసర్ గారి చెల్లెలు వచ్చింది. చివరిదాకా అన్నను కనిపెట్టుకుని ఉన్న మనిషి. సినిమావాళ్ళు ఆవిడకు మూలన కుర్చీ వేశారు. ఆవిడ ఎవరికి చెప్పినా ఒక్క సంగతే చెప్పేది. అన్నయ్య గదిలో రాత్రుళ్ళు లైటు ఆరేది కాదని, ఆయన్ని కాస్త నిద్రపుచ్చడం కూడా తన వల్ల కాలేదని.

అందరినీ మాట్లాడవద్దన్నారు. కెమెరా హీరో ముఖం దగ్గరికి వచ్చింది. నిదానం గుడ్డ కట్టాడు. వారం నుంచి తెరిపి లేకుండా పనిచేస్తున్న హీరో, ఆ కుర్చీ మహిమో ఏమో, నిజంగానే నిద్రపోయాడు. ఆ ముఖం ఎంత బాగుందంటే బయట మానిటర్ ముందున్న డైరెక్టర్ పరిగెత్తే సంగతి మరచి అలా చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడే నిదానం చెయ్యి అతన్ని ముంచింది. అదే కుర్చీ, అదే వంగిన మెడ, అదే గురక. ఖాళీ కత్తెర ఆ చేతికి బాగా వచ్చు గానీ, పని పూర్తయ్యాకే వచ్చు. కత్తిరించని తల మీద అది ఎన్నడూ ఆడలేదు. చెయ్యి మెడ దగ్గర నిజంగానే కత్తిరించడం మొదలుపెట్టి, పైకి వచ్చి, కుడి చెవి చుట్టూ తిరిగింది. బావమరిది అద్దంలో అంతా చూస్తూనే ఉన్నాడు. మాట్లాడవద్దన్నారు కదా, నేనెలా మాట్లాడతాను అని తర్వాత వాదించాడు.

నిదానం చూపు నేల మీద పడింది. అంతా హీరో జుట్టే. అసిస్టెంట్ ఒకతను డైరెక్టర్ భుజం పట్టుకుని ఊపేశాడు. డైరెక్టర్ తల బాదుకుంటూ లోపలికి దూసుకొచ్చాడు. ఇంత జరుగుతున్నా హీరో లేవలేదు, నిదానం కత్తెరా ఆగలేదు. గాలిలో ఆడుతూనే ఉంది.

గాలిలో ఆడుతున్న కత్తెర వంకే చూస్తూ చెల్లెలు లేచి వచ్చింది. డైరెక్టర్‌ను చేత్తోనే వారించి, నిదానాన్ని మెల్లగా అడిగింది.

"అన్నయ్య ఇక్కడ నిద్రపోయేవాడా?"

"వచ్చినప్పుడల్లా, అమ్మా. కత్తెర ఆపితే లేచిపోయేవారు. అందుకని పని అయిపోయినా ఆపేవాణ్ణి కాదు."

"ఎంతసేపు?"

"ఎవరో ఒకరు తలుపు గట్టిగా వేసేదాకా."

ఆవిడ బావమరిది కుర్చీలో కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. దుఃఖం కంటే అందులో ఊరటే ఎక్కువని నిదానానికి అనిపించింది.

ఆ ఏడుపు వల్ల తిట్లేమీ తగ్గలేదు. ఆ రోజు షూటింగ్ ఆగిపోయింది. హీరోకి విగ్గు చేయించాల్సి వచ్చింది. ప్రొడక్షన్ మేనేజర్ నిదానాన్ని నానా మాటలూ అన్నాడు. తప్పు తనదే కాబట్టి నిదానం తల వంచుకుని అన్నీ పడ్డాడు.

సినిమా వచ్చింది. నిదానం, అతని భార్య, బావమరిది, ప్రొఫెసర్ గారి చెల్లెలు ఒకే వరుసలో కూర్చున్నారు. తెర నిండా ఆ చింపిరిజుట్టే. హాలంతా దాన్ని నమ్మేసింది, ఇక చేయగలిగిందేమీ లేదు. వీధిలో పరిగెత్తే సన్నివేశం మాత్రం లేదు. ఒకచోట నిద్రపోతున్న ముఖం, వెనక అద్దంలో శుభ్రమైన మెడ, కత్తెర చప్పుడు వచ్చాయి. నిదానం ముఖం లేదు, బోర్డూ లేదు, రెండు వేళ్ళు ఉన్నాయి. మరుసటి సీన్‌లో జుట్టు మళ్ళీ గుబురుగా మొలిచింది. వెనక సీట్లో ఎవరో, డైరెక్టర్ కూడా నిద్రపోయినట్టున్నాడు అంటే నలుగురు నవ్వారు.

నిదానానికి అవమానంగానే ఉంది. కానీ ఆ నవ్వు రాకముందే, కత్తెర చప్పుడు వినబడుతుండగా, అతను పక్కకు తిరిగి చూశాడు. చెల్లెలు తెర వంక చూడటం లేదు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. చప్పుడు ఆగగానే ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది, అచ్చం వాళ్ళ అన్నలాగే.